ఓడినోళ్ళు లెయ్యల్ల

పెనుకొండలో నా సిమెంటు అంగడి పైనున్న హాలును ఇంగ్లీషు క్లాసులకు అద్దెకు అడిగినప్పుడు నేను లోలోపల సంబరపడ్డాను. అంతకుముందు అందులో జిమ్ పెట్టినవాడు ఇనుప గుండ్లు ధబాల్మని కింద పడేసి, నా సీలింగుకు పగుళ్ళు తెప్పించి పోయాడు. ఇంగ్లీషంటే చదువు. చదువున్నచోట చప్పుడు ఉండదు, నా మధ్యాహ్నం కునుకుకు ఢోకా ఉండదు. అదీ నేను వేసుకున్న అంచనా. అది నిండా తప్పింది.

మొదటి వారంలోనే పైనుంచి కేకలు మొదలయ్యాయి. అలాంటిలాంటి కేకలు కావు. కింద కమ్మీలు కొంటున్న రైతు ఒకాయన తల పైకెత్తి, "ఏమప్పా హనుమంతప్పా, పైన అన్నదమ్ములు భాగాలు పంచుకుంటాండారా?" అన్నాడు.

"లేదప్పా, ఇంగ్లీషు నేర్పుతాండారు."

"ఇంగ్లీషు ఇంత గట్టిగా ఉంటాదా!" అని ఆయన కమ్మీలు ట్రాక్టరులో వేయించుకుని పోయాడు.

నాకు కోపం తొందరగా వస్తుంది. ఈ బజారులో అది అందరికీ తెలిసిన సంగతే, దాచుకునేది ఏమీ లేదు. చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లెక్కాను.

పైన చాపల నిండా ఆడవాళ్ళు. నల్లమాడ వైపు నుంచి, ఓబులదేవరచెరువు వైపు నుంచి బస్సుల్లో వచ్చేవాళ్ళు కొందరు, చుట్టుపక్కల పల్లెలవాళ్ళు కొందరు. కార్ల కంపెనీ వచ్చాక మా ఊళ్ళో కొరియా అక్షరాల బోర్డులు కూడా లేచాయి. దాని చుట్టూ వెలిసిన కంపెనీల్లో, క్యాంటీన్లలో పని దొరకాలంటే నాలుగు ఇంగ్లీషు ముక్కలు రావాలి. అందుకని నిన్నటిదాకా చెనిక్కాయ చేలల్లో కలుపు తీసినవాళ్ళు నా హాల్లో చేరారు.

ఆ హాల్లో ఉన్నది ఒకే ఒక్క కుర్చీ. అది నేనిచ్చిందే. నేర్పేవాళ్ళు పైన కూర్చోవాలి, నేర్చుకునేవాళ్ళు కింద కూర్చోవాలి, లోకం తీరే అంత కదా అని ఒక్కటి మాత్రమే ఇచ్చాను. నా అంగడిలోనూ అదే పద్ధతి. మా నాయన కూర్చున్న టేకు కుర్చీలో నేను కూర్చుంటాను. పెద్ద రైతులొస్తే స్టూలు వేస్తాను. మిగతావాళ్ళు నిలబడే బేరం చేస్తారు. ఎవరూ ఎప్పుడూ నొచ్చుకున్నట్టు నాకు కనపడలేదు.

పైన ఆ ఒక్క కుర్చీలో, పాఠం చెప్పే ఆదిలక్ష్మమ్మ కూర్చుని ఉంది. సగం నెరిసిన జుట్టు, మందమైన కళ్ళద్దాలు, గంజి పెట్టిన నూలు చీర. ఎదురుగా ధరణి అనే పడుచుపిల్ల నిలబడి చేతులు తిప్పుతోంది.

"బారో అంటే ఇచ్చేది," అంటోంది ఆదిలక్ష్మమ్మ, రాతిమీద గీత గీసినట్టు. "నీ గొడుగు నాకు బారో చెయ్యి. ఇచ్చేది నువ్వు, కాబట్టి బారో నీది."

"నో మేడమ్! గివ్ ఈజ్ లెండ్! టేక్ ఈజ్ బారో! ఐ లెండ్, యూ బారో!"

"ఎవురు చెప్పినారు?"

"బుక్ సే! మై బ్రదర్ సే! ఎవ్రీబడీ సే!"

"ఎవ్రీబడీ రాంగ్."

ఆ పిల్ల కాలు నేలకేసి కొట్టింది. పక్కనున్న ఆమె చేతిలోంచి పెన్ను లాక్కుని, "నౌ ఐ బారో! షీ లెండ్! సీ హర్ ఫేస్, షీ యాంగ్రీ, బికాజ్ షీ లెండ్!" అని అరిచింది. హాలంతా గొల్లుమంది. ఆదిలక్ష్మమ్మ కిటికీ వైపు తిరిగి కళ్ళద్దాలు తుడుచుకుంది. తర్వాత, "సరే, నేను ఓడినా. ఓడినోళ్ళు లెయ్యల్ల," అంటూ కుర్చీలోంచి లేచి నిలబడింది. ధరణి దర్జాగా పోయి ఆ కుర్చీలో కూర్చుంది. అందరూ చప్పట్లు కొట్టారు. మేడమ్ నిలబడే తర్వాతి పాఠం చెప్పడం మొదలుపెట్టింది.

నేను వచ్చిన పని మర్చిపోయి తలుపు దగ్గరే నిలబడిపోయాను. ఆమె నన్ను చూసి, "రాప్పా, నువ్వూ కొట్లాడతావా?" అంది.

"లేదమ్మా. కొంచెం మెల్లగా కొట్లాడితే బాగుంటాదని..."

"మెల్లగా కొట్లాడేది మన సీమలో యాడుండాదప్పా?" అంది. నేను దిగి వచ్చేశాను.

ఆదిలక్ష్మమ్మది హిందూపురం. వాళ్ళమ్మ చింతపండు మండీలో గింజలు కొట్టి పిల్లల్ని సాకింది. ఈమె పది పాసై, అక్కడి ఒక మిల్లు ఆఫీసులో టెలిఫోన్ల దగ్గర చేరింది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, ఫోన్లో ఇంగ్లీషు. ఆ మూడోదాన్ని ఆమె పుస్తకాల్లో నేర్చుకోలేదు, పోట్లాటల్లో నేర్చుకుంది. సరుకు రాలేదని బెంగళూరు నుంచి ఒకడు ఫోన్లో అరిస్తే ఈమె ఇక్కణ్ణుంచి అరిచేది. రాత్రి ఇంటికిపోయి, పొద్దున అనలేకపోయిన మాటలన్నీ అద్దం ముందు నిలబడి అనేది. ఇవన్నీ ఆమే చెప్పింది. హిందూపురం పోయే పాసింజరు రైలు ఆలస్యమైన సాయంత్రాల్లో నా అంగడి ముందు టీ తాగుతూ చెప్పేది. అప్పుడు కూడా నేను టేకు కుర్చీలో, ఆమె స్టూలు మీద.

ఒకరోజు మేనేజరుకూ ఆమెకూ ఒక మాట దగ్గర తగువొచ్చిందట. ఆమె డిక్షనరీ తెచ్చి ఆయన బల్లమీద పెట్టింది. ఆయన చూశాడు, మూశాడు, "ఓకే ఓకే, యూ గో," అన్నాడు.

"నేను నిలబడి గెల్చినానప్పా. వాడు కూచోని ఓడినాడు. ఆ గదిలో ఉండేవాళ్ళకు ఏం తెలుస్తాది? కూచున్నోడే గెల్చినట్ల కనపడతాడు." ఇది చెప్తున్నప్పుడు ఆమె టీ గ్లాసు కింద పెట్టేసింది. "ఆ పొద్దే అనుకున్నా. నా చేతికి ఒక క్లాసంటూ వస్తే, ఓడినోళ్ళు లెయ్యల్ల, గెల్చినోళ్ళు కూచోవల్ల."

మిల్లు మూతపడ్డాక, పెనుకొండలో ఆడవాళ్ళకు ఇంగ్లీషు కావాలని విని, రోజూ హిందూపురం నుంచి రైల్లో రావడం మొదలుపెట్టింది. ఎక్కడున్నా ఆమెకు తగువు కావాలి. ధర్మవరంలో చీర కొనడానికి పోతే సేల్స్ పిల్లతో, రైల్లో అయితే ఎదురు సీటువాడితో. గెలిచి తీరుతానన్న ధీమాతో దిగుతుంది. దాదాపుగా గెలుస్తుంది కూడా. నా హాల్లో మాత్రమే రోజూ ఓడిపోయేది. ఆ సంగతి నాకు వింతగా అనిపించి ఉండాల్సింది. నా బుర్రకు తట్టలేదు.

విజయ్ కుమార్ అనే లెక్చరరుకు తట్టింది. ధర్మవరంలో ఏదో కాలేజీలో ఇంగ్లీషు చెప్తాడు, మా ఊళ్ళో ఇల్లు కట్టుకుంటూ నా దగ్గర సిమెంటు తీసుకుంటున్నాడు. ఒకరోజు మూటలు ఎక్కించేదాకా నిలబడి, పైనుంచి వస్తున్న మాటలు చెవి ఒగ్గి విన్నాడు. రిమెంబరన్నా రిమైండన్నా ఒకటేనని ఆదిలక్ష్మమ్మ పట్టుబడుతోంది. ఆయన పడీపడీ నవ్వాడు.

"గుర్తుపెట్టుకునేదానికీ గుర్తుచేసేదానికీ తేడా తెలీనామె ఏం నేర్పిస్తాదప్పా? ఈ అమాయకులు మోసపోతాండారు."

నాకు ఒళ్ళు మండింది. హాలు నాది. రేపు ఊళ్ళో అనుకునేది నా పేరు కదా. క్లాసు వదిలాక పైకెక్కి, "ఏమమ్మా, నీకే రాదంట కదా ఇంగ్లీషు?" అని నిలదీశాను.

ఆమెకు కోపం రాలేదు. తలుపు దగ్గరకు వేసి వచ్చి, "వచ్చు గాబట్టే తప్పు చెప్తాండానప్పా," అంది.

"అంటే?"

"ఒప్పు చెప్తే తలకాయ ఊపుతారు. తప్పు చెప్పి మంకుపట్టు పడితే నోరు తెరుస్తారు. మనోళ్ళకు మాట్లాడమంటే సిగ్గు, కొట్లాడమంటే సిగ్గు లేదు. ఆ కోపంలో ఇంగ్లీషు అదే వచ్చేస్తాది. నువ్వు మాత్రం యాడా అనగాకు. నాటకమని తెలిస్తే ఎవురన్నా కొట్లాడతారా?"

అనను అని మాటిచ్చాను. నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఇంటావిడ అంటుంది. అయినా బిగబట్టుకున్నాను.

"అందరూ కుర్చీ ఎక్కినారు," అంది ఆమె, గొంతు తగ్గించి. "చౌడక్క ఒకతే మిగిలింది. ఆయమ్మ నోరు తెరిస్తే చాలప్పా నాకు."

చౌడక్కను నేనూ ఎరుగుదును. నల్లమాడ దగ్గర పల్లె. పెళ్ళిళ్ళకు వంట చేస్తుంది. ఆమె కెలికిన రాగిసంగటి, నూరిన ఊరుబిండి పచ్చడి తిన్నవాళ్ళు విస్తరి ముందు నుంచి తొందరగా లేవరు. కంపెనీ క్యాంటీన్లో వంటపని కోసం క్లాసులో చేరింది. చివరి చాపమీద గోడకానుకుని కూర్చునేది. అన్నీ వినేది. ఒక్క మాట అనేది కాదు.

క్యాంటీన్లకు మనుషుల్ని పంపేది క్రాంతి కుమార్ అనే ఏజెన్సీ అబ్బాయి. అతను ఊ అంటేనే కంపెనీ నుంచి పిలుపు వస్తుంది. హాలు బాడుగ కట్టేదీ అతనే. మన లెక్చరరు విజయ్ కుమార్ దగ్గర చదువుకున్నవాడట. అయ్యవారు శిష్యుడి చెవిలో వేయాల్సింది వేశాడు. శుక్రవారం ఇద్దరమూ వచ్చి క్లాసు చూస్తామని, బాగాలేకపోతే ఆ రోజుతో ఆపేస్తామని కబురు పంపారు. క్లాసు ఆగితే చౌడక్కతో సహా అందరూ మళ్ళీ కూలికి పోవాల్సిందే.

శుక్రవారం పొద్దున్నే నేను మెట్లమీద ఆమెను ఆపాను. "అమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటా, ఈ ఒక్క పొద్దు ఒప్పే చెప్పు."

"సరేలేప్పా," అంది. ఇంత తొందరగా నా మాట వినడం అదే మొదలు.

వాళ్ళిద్దరూ వచ్చి గోడ పక్కన నిలబడ్డారు. కింద నుంచి కుర్చీలు తేవాలన్న ఆలోచన నాకు రాలేదు, నిజం చెప్తున్నాను, అంత కంగారుగా ఉన్నాను. క్లాసు సంతాపసభలాగా సాగింది. మేడమ్ ఒప్పు చెప్పింది, వీళ్ళు తలలు ఊపారు. క్రాంతి కుమార్ ఒక్కొక్కరినీ ఇంగ్లీషులో పేరూ ఊరూ పనీ అడిగాడు. ధరణి తడుముకోకుండా చెప్పింది. మిగతావాళ్ళూ చెప్పారు. చివరికి చౌడక్క వంతు.

"వాట్ వర్క్ యూ నో?"

చౌడక్క లేచి నిలబడింది. కొంగు చేతికి చుట్టుకుంది. తల వంచుకుంది. మళ్ళీ అడిగాడు. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు.

"ఈమె వద్దులెండి," అని క్రాంతి కుమార్ పక్కకు తిరిగాడు.

"వన్ మినిట్ సార్." ఆదిలక్ష్మమ్మ గొంతు ఖంగుమంది. "షీ ఈజ్ ఎ గుడ్ కుక్కర్."

విజయ్ కుమార్ ఫక్కున నవ్వాడు. "మేడమ్, కుక్ అనల్ల."

"నో సార్. డ్రైవ్ చేసేవాడు డ్రైవర్. టీచ్ చేసేవాడు టీచర్. వంట కుక్ చేసేది కుక్కర్. అంతే!" అని ఆయన వైపు చూడకుండా చౌడక్క కళ్ళలోకి చూసింది. "చౌడక్కా, యూ ఆర్ కుక్కర్. మా కుక్కర్ చౌడక్క!"

అయిపోయింది, ఈమె చేతులారా కొంపకు నిప్పు పెట్టుకుంది అనుకున్నాను.

"నో," అంది చౌడక్క. నాకు సరిగ్గా వినపడను కూడా లేదు.

"వాట్ నో?"

"నో కుక్కర్."

"వై నో కుక్కర్?"

"కుక్కర్ విజిల్!" చౌడక్క తలెత్తింది. మెడలో నరాలు బిగుసుకున్నాయి. "కుక్కర్ నో హ్యాండ్స్! ఐ హ్యావ్ హ్యాండ్స్! కుక్కర్ నో టంగ్! ఐ టేస్ట్, ఐ పుట్ సాల్ట్! బిగ్ మ్యారేజ్, ఫుల్ విలేజ్, ఐ కుక్! కుక్కర్ కమ్? నో కుక్కర్ కమ్, చౌడక్క కమ్! ఐ యామ్ కుక్!"

కింద అంగడిలో మా ఆవిడకు కూడా వినపడిందట. ఆదిలక్ష్మమ్మ కిటికీ వైపు తిరిగింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. ఈసారి చాలాసేపు తుడుచుకుంది. తర్వాత, "ఓడినా," అని లేచి పక్కకు తప్పుకుంది.

కుర్చీ ఖాళీగా ఉంది. చౌడక్క అడుగు ముందుకు వేయలేదు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

"చూసినావా క్రాంతీ?" అన్నాడు విజయ్ కుమార్. "స్టూడెంటుకు తెలుసు, టీచరుకు తెలీదు. నేను చెప్పలా?"

నా నోట్లో నువ్వుగింజ ఉబ్బి పగిలిపోయేలా ఉంది. "అయ్యా లెక్చరరు గారూ..." అని మొదలుపెట్టాను కూడా. ఆదిలక్ష్మమ్మ నావైపు ఒక చూపు చూసింది. నోరు మూసుకున్నాను. క్లాసు పోయినా సరే, ఆ మాట మాత్రం బయటపడకూడదు ఆమెకు. ఇలాంటి మొండి మనిషిని నా జన్మలో చూడలేదు.

అప్పుడు చౌడక్క, "మేడమ్‌కు తెలుసు సార్," అంది.

"ఏం తెలుసు?" అన్నాడు క్రాంతి కుమార్.

"అన్నీ తెలుసు. తప్పు చెప్పేదీ మాకోసరమే, ఓడిపోయేదీ మాకోసరమే. మొదటి వారమే కనుక్కున్నాం. నవ్వొస్తే కిటికీ పక్క తిరిగి అద్దాలు తుడుచుకుంటాది."

చాపలమీద నవ్వులు రేగాయి. ఆదిలక్ష్మమ్మ చేతిలో కళ్ళద్దాలు అలాగే ఉండిపోయాయి. "అందరికీ తెలుసా?" అంది. ధరణి నాలుక కరుచుకుని తలూపింది. ఎవరి ముందూ ఓడని మనిషి నిజంగా ఓడిపోయి నిలబడటం ఆరోజు నా కళ్ళారా చూశాను.

"తెలిసి కూడా కొట్లాడతాండారా?" అన్నాడు క్రాంతి కుమార్.

"కొట్లాడతాం సార్. మేము చెప్పింది ఒప్పయినా ఇంట్లో గమ్మునుండు అంటారు. కూలికాడా అంతే. ఓడిపోయినా అని లేచి చోటిచ్చే మనిషి ఇంగ యాడుండాది?"

"మరి నువ్వు ఇన్నాళ్ళూ ఎందుకు కొట్లాడలేదు?"

చౌడక్క కుర్చీ వైపు చూసింది. "నేను గెలిస్తే మేడమ్ లెయ్యల్ల. పెద్దామెను నిలబెట్టి నేను కుర్చీలో కూచునేదా? మా పల్లెలో మాయట్లోళ్ళం ఎవురి ముందరా కుర్చీలో కూచోం. ఎంత పెద్ద పెండ్లికి వండినా పెరట్లో నేలమీదనే కూచుంటాం. నాకు మాట్లాడేకి రాక కాదు సార్. కూచునేకి రాక."

నేను నా కాళ్ళ వైపు చూసుకున్నాను.

ఆదిలక్ష్మమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని, కుర్చీని చౌడక్క దగ్గరకు లాక్కుని వచ్చింది. "రూలు రూలే. కూచో."

చౌడక్క కూర్చుంది. కుర్చీ అంచుమీద, ఎప్పుడు లేవమంటారో అన్నట్టు.

"ఆనుకో," అంది ఆదిలక్ష్మమ్మ.

చౌడక్క వెనక్కి ఆనుకుంది. లెక్చరరు, ఏజెన్సీ అబ్బాయి, మేడమ్, హాలు ఓనరు, అందరమూ నిలబడి ఉన్నాం. ఆమె ఒక్కతే కూర్చుని ఉంది. క్రాంతి కుమార్ గొంతు సవరించుకుని, "వెన్ కెన్ యూ జాయిన్?" అన్నాడు.

"మండే," అంది చౌడక్క కూర్చునే. "ఫస్ట్ బస్."

మెట్లు దిగేటప్పుడు విజయ్ కుమార్ నాతో, "మా కాలేజీలో ఒక్కడన్నా నాకు ఎదురు చెప్పడప్పా," అన్నాడు. గొప్పగా అన్నాడో దిగులుగా అన్నాడో నాకు తెలియలేదు. మరుసటి రోజు పైన కేకలు ఇంకా పెరిగాయి. గుట్టు తెలిసిపోయాక మేడమ్ కూడా మొహమాటం వదిలేసింది. నేను మధ్యాహ్నం కునుకు మానుకున్నాను.

మొన్న ఆదివారం చౌడక్క నా అంగడికి వచ్చింది. క్యాంటీన్లో చేరాక కొంచెం ఒళ్ళు చేసింది. ఇంట్లో పొయ్యిగట్టు కట్టించుకోవడానికి సిమెంటు మూట కావాలంది. నేను టేకు కుర్చీలోంచి కదలకుండానే వాకిట్లో ఉన్న మూట చూపించాను. ఆమె వంగి మూల నొక్కి చూసింది.

"గడ్డ కట్టిందప్పా ఇది."

"నిన్న దిగిన లోడు. గడ్డ యాడుంటాది? సిమెంటు గురించి నాకు చెప్పేదానివైనావా?"

"వాకిట్లో పెట్టినావు, జల్లు కొట్టింది. గడ్డే."

"గడ్డ లేదు గిడ్డ లేదు. కావల్లంటే తీసుకో, లేదంటే పో!"

ఆమె పోలేదు. మూట మూల కుట్టు విప్పింది, చెయ్యి పెట్టింది, పిడికెడంత గడ్డ తీసి నా బల్లమీద పెట్టింది. నేను బొటనవేలితో నొక్కాను. చిట్లలేదు. రెండు చేతులతో నొక్కాను. అయినా చిట్లలేదు.

చౌడక్క నా కుర్చీ వైపు చూసింది.

మా నాయన కుర్చీ. నేను తప్ప ఎవరూ కూర్చోని కుర్చీ. పైన కొత్త బ్యాచివాళ్ళు ఏదో మాట దగ్గర గొంతులు చించుకుంటున్నారు. కూచున్నోడే గెల్చినట్ల కనపడతాడని ఆదిలక్ష్మమ్మ టీ గ్లాసు కింద పెట్టి చెప్పిన మాట గుర్తొచ్చింది.

లేచాను. "కూచో చౌడక్కా," అన్నాను.

ఆమె కూర్చుంది. ఎవరూ చెప్పకుండానే వెనక్కి ఆనుకుంది. "ఇంగ మంచి మూట తెప్పించప్పా," అంది.

పనివాళ్ళు భోజనానికి పోయారు. నేనే గోడౌనులోకి పోయి కొత్త మూట దొర్లించుకుంటూ తెచ్చాను.